మలేరియా పరాన్నజీవి: ఆర్‌ఎన్‌ఏ ఉంటే ప్రోటీన్ ఉన్నట్టేనా?

కొత్తగా చేరిన విద్యార్థిని ఒకరోజు మొహం వాడిపోయి వచ్చింది. "మేడమ్, సీక్వెన్సింగ్‌లో ఈ జన్యువు ఆర్‌ఎన్‌ఏ బాగా కనిపిస్తోంది. వెస్టర్న్ బ్లాట్‌లో మాత్రం బ్యాండ్ రావట్లేదు. మూడుసార్లు చేశాను, యాంటీబాడీ పాడైందేమో" అంది. వెస్టర్న్ బ్లాట్ అంటే యాంటీబాడీతో ప్రోటీన్‌ను వెతికే పరీక్ష. తన యాంటీబాడీ బాగానే ఉంది. ఆ దశలో ఆ ప్రోటీనే లేదు. తన టెన్షన్ చూశాక ఈ అపోహ గురించి, మలేరియా మీద ఉన్న ఇంకొన్ని అపోహల గురించి రాయాలనిపించింది.

అపోహ: మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీ కోసం జన్యువు నుంచి తీసిన నకలు) ఉందంటే ప్రోటీన్ తయారైనట్టే.

వాస్తవం: మలేరియా పరాన్నజీవి దగ్గర ఈ లెక్క చెల్లదు. మన రక్తంలో తిరిగే దాని ఆడ గామిటోసైట్‌నే (మన నుంచి దోమకు చేరే లైంగిక దశ కణం) తీసుకోండి. దోమ తాగితేనే దానికి ముందు బతుకు, లేదంటే అక్కడితో సరి. ఆ దోమ ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని పీ25, పీ28 అనే ప్రోటీన్లకు కావలసిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను ముందే తయారుచేసుకుంటుంది, కానీ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లకు అందనివ్వదు. చుట్టాలొస్తారని దోశ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, వాళ్లు గుమ్మం ఎక్కాక పెనం వేడిచేసినట్టు. దోమ పొట్టలోకి చేరాకే ఆ ప్రోటీన్ల తయారీ మొదలవుతుంది.

ఆ ఆర్‌ఎన్‌ఏలను పట్టి ఉంచేవాటిలో డోజీ, సిత్ అనే ప్రోటీన్లు ముఖ్యమైనవి. ఎలుకల మలేరియా పరాన్నజీవిలో డోజీని తీసేస్తే ఏమవుతుందో 2006లో బయటపడింది. అడ్డు పోయింది కదా, ప్రోటీన్ ముందే వచ్చేస్తుందనుకుంటాం. అలా జరగలేదు. దాచిన ఆర్‌ఎన్‌ఏలు చాలావరకు క్షీణించిపోయాయి. ఫలదీకరణ జరిగినా పిండం ఎదగలేదు. ఆపి ఉంచే ప్రోటీనే వాటిని కాపాడుతోందన్నమాట. ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గని ఫలితం ఇది.

ఇంకో సంగతి. పీ25 మన ఒంట్లో ఉండగా తయారుకాదు కాబట్టి, మన రోగనిరోధక వ్యవస్థకు అది మామూలుగా ఎదురుపడదు. వ్యాక్సిన్‌తో యాంటీబాడీలు పుట్టిస్తే అవి రక్తంతో పాటు దోమలోకి వెళ్లి అక్కడ పరాన్నజీవిని అడ్డుకోగలవు. దోమలోనే వ్యాప్తిని ఆపాలని చూసే వ్యాక్సిన్ పరిశోధనలో పీ25 అందుకే ముఖ్యమైన గురి.

అపోహ: దోమ కేవలం సూది లాంటిది, ఒకరి నుంచి ఇంకొకరికి ఎక్కిస్తుందంతే.

వాస్తవం: 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ చూసింది దోమ పొట్ట గోడ మీద పెరుగుతున్న పరాన్నజీవిని. దాని ఫలదీకరణ జరిగేదే దోమలో.

అపోహ: జ్వరం తగ్గింది కాబట్టి మన నుంచి దోమకు అంటదు.

వాస్తవం: జ్వరం తెప్పించేవి వేరే దశలు. ఫాల్సిపారం అనే మలేరియా జాతి ముదిరిన గామిటోసైట్లను క్లోరోక్విన్ అనే మలేరియా మందు చంపలేదు. అందుకే డాక్టర్లు వాటిని చంపే ప్రైమాక్విన్ కూడా ఇస్తారు. జ్వరం పోయిందని ఆ మాత్ర మానేయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే మాత్రం ముందే చెప్పండి, ఆ మందుతో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు.

అపోహ: యాంటీబయాటిక్‌లకు మలేరియాతో పని లేదు.

వాస్తవం: ఈ పరాన్నజీవి కణంలో ఏపికోప్లాస్ట్ అనే భాగం ఉంది. దాని రైబోజోమ్‌లు బ్యాక్టీరియా తరహావి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అక్కడి ప్రోటీన్ల తయారీని దెబ్బతీస్తుంది. మందు తగిలిన పరాన్నజీవి ఆ విడత బతికి పిల్లల్ని కంటుంది, చచ్చేది ఆ పిల్లల తరం. ఇంత నెమ్మది కాబట్టే చికిత్సలో దాన్ని ఒంటరిగా వాడరు, త్వరగా పనిచేసే మందుతో కలిపి ఇస్తారు.