సగం పొలానికి మందు చల్లితే ఏం తెలుస్తుంది?

ఒక పాఠకుడు రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బల్ల మీదే ఉంది. ఆయన తన వరి పొలాన్ని మధ్యలో గట్టు వేసి రెండు సగాలు చేశారు. తూర్పు సగానికి కొత్తగా వచ్చిన ఒక ద్రవ ఎరువు పిచికారీ చేశారు, పడమటి సగానికి ఏమీ కొట్టలేదు. కోసి, నూర్చి, తూకం వేస్తే తూర్పు సగంలో నూటికి పది పాళ్లు ఎక్కువ వచ్చింది. "ఇది మందు పనితనమేనా? వచ్చే పంటకు పొలం మొత్తానికీ కొట్టమంటారా?" అని అడిగారు.

జవాబు: తెలియదు. ఆ రెండు తూకాలు తప్ప ఇంకేమీ చేతిలో లేకపోతే ఏ వ్యవసాయ శాస్త్రవేత్తా చెప్పలేడు. ఎందుకు చెప్పలేడో తెలియాలంటే 1910 నాటి ఒక గోధుమ చేను సంగతి చెప్పాలి. పొలంలో జరిగిన ప్రయోగాలన్నిటిలో నాకు ప్రాణం అది. అందులో ఏ మందునూ, ఏ ఎరువునూ పరీక్షించలేదు.

ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచి పంటల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. అక్కడ మెర్సర్, హాల్ అనే ఇద్దరు ఒకే తీరుగా సాగైన గోధుమ చేనులో ఒక ఎకరం తీసుకున్నారు. చూపుకు చేనంతా ఒకే ఎత్తు, ఒకే రంగు. కోత వేళకు దాన్ని 20 వరుసలు, 25 నిలువులుగా 500 చిన్న ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఒక చిన్న గదంత ఉంటుంది. ప్రతి ముక్కనూ విడిగా కోసి, విడిగా నూర్చి, గింజను వేరుగా, గడ్డిని వేరుగా తూచారు. వెయ్యి తూకాలు! ఆ పని చేసిన చేతులకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

సగటున ముక్కకు 3.95 పౌన్ల గింజ వచ్చింది. అన్నిటికంటే తక్కువ పండిన ముక్కలో 2.73 పౌన్లు, ఎక్కువ పండిన ముక్కలో 5.16 పౌన్లు. అంటే ఒకటి సుమారు కిలోంబావు, రెండోది రెండు కిలోల మూడు వందల గ్రాములు దాటింది. ఒకే ఎకరంలో, ఒకే సాగులో, దాదాపు రెట్టింపు తేడా.

ఎక్కడి నుంచి వచ్చింది ఆ తేడా? నేల నుంచే. ఒకచోట మేల్మట్టి జానెడు లోతు, పక్కన బెత్తెడే ఉండవచ్చు. ఒకచోట ఎప్పుడో పశువులు పడుకుని ఉండవచ్చు, ఇంకోచోట కొట్టేసిన చెట్టు వేళ్లు లోపలే కుళ్లి ఉండవచ్చు. ఈ కథకు చాలా ఏళ్ల తర్వాత ఒక కొనసాగింపు కూడా ఉంది. 1981లో మెక్‌బ్రాట్నీ, వెబ్‌స్టర్ అనే ఇద్దరు మృత్తికా శాస్త్రవేత్తలు ఆ పాత తూకాలనే తీసి, రేడియో తరంగాలను విడదీసి చూసేటటువంటి గణితంతో పరీక్షించారు. దిగుబడులు ఒక క్రమమైన దూరంలో పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. ఎప్పటి దున్నకంలోనో ఏర్పడ్డ బోదెల, సాళ్ల ఆనవాలు అది అని తేల్చారు. పైకి ఎవరి కంటికీ కనపడని పాత సాలు గింజ బరువులో దొరికిందన్నమాట! ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

"అవి చిన్న ముక్కలు కాబట్టి తేడా వచ్చింది, నాది అరెకరం ముక్క, హెచ్చుతగ్గులు అందులోనే సర్దుకుపోతాయి కదా" అని ఆ పాఠకుడు అడగవచ్చు. మంచి ప్రశ్న. ముక్కల గుణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెల్లాచెదురుగా ఉంటే నిజంగానే సర్దుకుపోయేవి. వంద ముక్కలు కలిపితే తేడా పదో వంతుకు పడిపోయేది. కానీ నేల అలా ఉండదు. మంచి ముక్క పక్కన మంచి ముక్కే ఉంటుంది, చౌడు పక్కన చౌడే ఉంటుంది. అందుకే ప్లాటును ఎంత పెంచినా తేడా మనం ఆశించినంత తగ్గదు. ఫెయిర్‌ఫీల్డ్ స్మిత్ అనే ఆయన 1938లో దీనికి ఒక సూత్రమే కట్టాడు. ప్లాటు వైశాల్యం పెరిగేకొద్దీ ఎకరం లెక్కన దిగుబడిలోని వ్యత్యాసం (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) వైశాల్యపు ఏదో ఒక ఘాతంతో తగ్గుతుంది. ఇరుగుపొరుగు పోలిక ఏమాత్రం లేని నేలలో ఆ ఘాతం 1, పోలిక బలంగా ఉన్న నేలలో సున్నాకు దగ్గర. మామూలు పొలాలన్నీ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి.

అంటే పొలాన్ని రెండే రెండు పెద్ద సగాలు చేయడం అన్నిటికంటే బలహీనమైన పద్ధతి. మరి బలమైనది ఏది? చిన్న చిన్న జతలు చేసి, చీటీలు తీయడం.

ఈ చీటీల సంగతి కాస్త నిదానంగా చెబుతాను, అసలు కీలకం అక్కడే ఉంది. పొలంలో ఒకదాని పక్కన ఒకటి ఉన్న రెండు మళ్లను ఒక జత అనుకుందాం. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి నేల దాదాపు ఒకటే. వాటిలో దేనికి మందు కొట్టాలో మనం ఎంచుకోకూడదు. నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ఎడమ మడికి, బొరుసు పడితే కుడి మడికి. ఇప్పుడు ఆ మందు వట్టి నీళ్లే అనుకోండి. అయినా రెండు మళ్లలో ఏదో ఒకటి ఎక్కువ పండుతుంది, అది ఎలాగూ పండేదే. నాణెం దాని మీదే పడే అవకాశం రెండింట ఒకటి.

రెండు జతలుంటే, పస లేని మందు రెండుచోట్లా గెలిచే అవకాశం నాలుగింట ఒకటి. మూడు జతలకు ఎనిమిదింట ఒకటి. నాలుగుకు పదహారింట, ఐదుకు ముప్ఫై రెండింట, ఆరు జతలకు అరవై నాలుగింట ఒకటి. ఎక్కడా నేల గురించి మనం ఏమీ ఊహించలేదు, గమనించండి. నేల ఎంత వంకరగా ఉన్నా, కింద ఏ పాత సాలు దాక్కున్నా ఈ లెక్క చెక్కుచెదరదు. ఎందుకంటే అది నేల లెక్క కాదు, మన చేతిలోని నాణెం లెక్క.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ఆరు జతలు పెట్టాం, మందు కొట్టిన మడిలో వచ్చిన తేడాలు కిలోల్లో ఇలా ఉన్నాయనుకుందాం: 6 ఎక్కువ, 4 ఎక్కువ, 9 ఎక్కువ, 1 తక్కువ, 5 ఎక్కువ, 3 ఎక్కువ. కూడితే 26 కిలోలు మందు వైపు మొగ్గు. ఒక జతలో ఓడింది కదా, మరేం చేయాలి? మందు వట్టి నీళ్లయితే నాణెం ఎలా పడినా ఆ మళ్లు పండేది అంతే, తేడాలకు ప్లస్, మైనస్ గుర్తులు మాత్రమే మారతాయి. ఆరు నాణేలు మొత్తం 64 రకాలుగా పడవచ్చు. వాటిలో మొత్తం 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చేవి ఎన్ని? అన్నీ ప్లస్ అయితే 28. ఆ ఒక్క కిలో జత మాత్రం మైనస్ అయితే 26. వేరే ఏది తిరగబడినా 26 కంటే తగ్గిపోతుంది. అంటే 64లో రెండే. ముప్ఫై రెండింట ఒకటి. కూడికా తీసివేతా వస్తే చాలు, ఈ లెక్క పదేళ్ల పిల్లలకు కూడా చెప్పవచ్చు. కానీ మన తరగతుల్లో ముందు వేరియన్స్ పట్టిక (దిగుబడి తేడాలను కారణాల వారీగా పంచి చూపే పట్టిక) బోర్డు మీద గీసి, ఖాళీలు నింపమంటారు. నాణెం సంగతి ఎవరూ చెప్పరు. అందుకే పట్టిక వచ్చినవాళ్లకు కూడా అది ఎందుకు పనిచేస్తుందో తెలియదు.

ఆ పట్టికా, ఈ చీటీలూ ఒకే మనిషి ఇచ్చినవి. గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ 1919లో రోథమ్‌స్టెడ్‌లో చేరాడు. అప్పటికే అక్కడ డెబ్బై ఐదేళ్లకు పైగా దిగుబడి లెక్కలు పేరుకుపోయి ఉన్నాయి. వాటితో కుస్తీ పట్టిన మీదట, 1926లో రాసిన వ్యాసంలో పొలంలో ప్రయోగం ఎలా అమర్చాలో తేల్చి చెప్పాడు. ఇరవైలో ఒకటి కంటే అరుదైనదైతేనే పట్టించుకుందాం అన్న హద్దు కూడా అందులో కనిపిస్తుంది. ఆ హద్దు ప్రకృతి నియమం కాదు, ఆయనకు అనుకూలంగా తోచిన గీత. మన ముప్ఫై రెండింట ఒకటి ఆ గీత దాటింది. నాలుగే జతలు పెట్టి ఉంటే అన్నీ గెలిచినా పదహారింట ఒకటి దగ్గరే ఆగిపోయేది.

చీటీలంటే అందరూ ఒప్పుకోలేదు. గిన్నెస్ బీరు కంపెనీలో బార్లీ పరీక్షలు చూసిన విలియం గాసెట్, అదే 'స్టూడెంట్' పేరుతో రాసిన గణాంకవేత్త, చివరిదాకా ఎదురు వాదించాడు. చీటీ వేస్తే ఒక్కోసారి మంచి నేల అంతా ఒకే వైపు పడవచ్చు, దాని బదులు మనమే తూకంగా అమర్చుకోవడం మేలు అన్నాడు. ఆ మాటలో బలముంది. అందుకే ముందు పొలాన్ని ఒకే తీరు నేల ఉన్న బ్లాకులుగా విడదీసి, ఆ తర్వాత ప్రతి బ్లాకులోనూ విడిగా చీటీ తీస్తారు. నాలుగు మోతాదులు, ఐదు బ్లాకులు ఉంటే 20 ప్లాట్లు, 19 స్వతంత్ర తేడాలు. వాటిలో 4 బ్లాకులవి, 3 మోతాదులవి, మిగిలిన 12 నేల తాలూకు గందరగోళాన్ని కొలవడానికి. మోతాదుల తేడా ఆ గందరగోళానికి 3.49 రెట్లు దాటితే ఫిషర్ గీత దాటినట్టు. ఆ 12 లేకపోతే కొలబద్ద లేదు. మన పాఠకుడి దగ్గర ఉన్నవి రెండు ప్లాట్లు, ఒక్క తేడా. కొలబద్దకు మిగిలింది సున్నా.

పైగా ఆయన చీటీ కూడా తీయలేదు. ఉత్తరంలో ఒకచోట, "కాలువ తూర్పు వైపే కాబట్టి ట్యాంకులో నీళ్లు పట్టుకోవడం తేలిక" అని రాశారు. కాలువ వైపు మడికి ముందుగా నీరు అందుతుంది, ఒండ్రు కూడా ముందు అక్కడే దిగుతుంది.

ఇదే కొలబద్దతో ఒక నమ్మకాన్ని కూడా చూడవచ్చు. చంద్రుడు పెరిగే రోజుల్లో విత్తితే పంట బాగుంటుందని చాలా దేశాల్లో నమ్ముతారు. నమ్మేవాళ్లను నేను తక్కువ చేయను, వాళ్లు చూసిందే చెబుతున్నారు. కానీ శుక్లపక్షంలో వంద మళ్లు విత్తి, కృష్ణపక్షంలో వంద మళ్లు విత్తినా అది రెండు వందల ప్లాట్ల ప్రయోగం కాదు. వంద మళ్లకూ ఒకే వాన, ఒకే ఎండ. విత్తిన మర్నాడు పడ్డ జల్లే తేడా తెచ్చి ఉండవచ్చు. చీటీ మడికి పడలేదు, పక్షానికి పడింది. కాబట్టి అది ఒకే ఒక్క జత. ఆరు జతలు కావాలంటే ఆరు సీజన్లు ఓపిక పట్టాలి.

గట్టు పక్క వరుసల గురించి కూడా ఒక మాట. వరి మడిలో అంచు దుబ్బును, లోపలి దుబ్బును పీకి పక్కపక్కన పెట్టి చూడండి. అంచుదానికి పిలకలు ఎక్కువ, కంకులు బరువు. వెలుతురూ గాలీ పక్క నుంచి కూడా అందుతాయి, వేళ్లకు పోటీ తక్కువ. మడి చిన్నదయ్యేకొద్దీ అంచు వాటా పెరిగి దిగుబడి లేనిపోని గొప్పగా కనిపిస్తుంది. అందుకే చుట్టూ రెండు మూడు వరుసలు వదిలేసి లోపలిదే కోయాలి. పిచికారీ తుంపర పక్క మడిలో పడ్డా, ఎరువు నీటితో కలిసి గండిలోంచి జారినా ఆ అంచు వరుసలే కాపు కాస్తాయి. గింజ తేమ కూడా కొలిచి, అన్నిటినీ ఒకే తేమకు సరిచేసి తూకం రాయాలి. ఈ పని విసుగనిపిస్తుంది కానీ తప్పదు.

కాబట్టి ఆ పాఠకుడికి నేను రాసిన జవాబు ఇది. వచ్చే పంటకు మందు కొనకండి. పొలంలో పక్కపక్క మళ్లను ఆరు జతలు చేయండి. ప్రతి జతకూ నాణెం ఎగరేసి ఒక మడికి పిచికారీ చేయండి, వట్టి నీళ్లు. రెండో మడిని అలాగే వదిలేయండి. అంచులు వదిలి కోసి, పన్నెండు తూకాలు విడివిడిగా రాయండి. నీళ్లు కొట్టినందుకే ఏ జతలో ఎంత తేడా వస్తుందో చూసి, ఆ కాగితం నాకు పంపండి. మందు సంగతి ఆ తర్వాతి పంటకు మాట్లాడుకుందాం.