విప్పి బిగించినా గురి తప్పదా?

సినిమాల్లో ఈ దృశ్యం చూడనివాళ్ళుండరు. కిరాయి హంతకుడు మేడెక్కుతాడు, సూట్‌కేసు తెరుస్తాడు, గుంటల్లో పడుకోబెట్టిన ముక్కలను టకటకా బిగిస్తాడు, స్కోపులో కన్ను పెడతాడు, అంతే. ఒక పాఠకుడి ప్రశ్న దీని మీదే: "ముక్కలుగా విప్పిన రైఫిల్‌ను మళ్ళీ బిగిస్తే తూటా పాత చోటికే పోతుందా? మా ఇంట్లో సీలింగ్ ఫ్యాను విప్పి బిగించాక ఊగడం మొదలుపెట్టింది."

పోతుంది, కీలు ఆలోచించి చేసినదైతే. పోదు, ఆ కీలులో కుంకుమ రేణువంత చెత్త పడితే. తుపాకుల గురించి రాసేవాళ్ళంతా మందు, తూటా, ట్రిగ్గర్ అంటూ మొదలుపెడతారు. అవన్నీ వదిలేద్దాం. టేక్‌డౌన్ రైఫిల్లో, అంటే ఇలా ముక్కలుగా విప్పేదాంట్లో, పసంతా ఒక్కచోటే ఉంది: బ్యారెల్ (తూటా దూసుకుపోయే గొట్టం) వచ్చి రిసీవర్‌లో (యంత్రాంగం ఉండే తుపాకీ మొండెంలో) కూర్చునే చోట.

ముందు కాస్త లెక్క. గురిని సెంటీమీటర్లలో కాదు, కోణంలో కొలవాలి. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్. అది వంద మీటర్లకు 2.9 సెంటీమీటర్లు. నోటి లెక్కకు దానికన్నా మిల్లీరేడియన్ హాయి. వెయ్యి మీటర్లకు ఒక మీటరు, వంద మీటర్లకు పది సెంటీమీటర్లు, పదికి ఒక సెంటీమీటరు. అంతకుమించి త్రికోణమితి అక్కర్లేదు. బళ్ళో సైన్‌లూ కొసైన్‌లూ వల్లె వేయించే బదులు ఈ ఒక్క ముక్క పిల్లల చేతిలో పెడితే సగం భయం పోయేది.

బ్యారెల్ వెనక అంచు 25 మిల్లీమీటర్ల వెడల్పున రిసీవర్‌కు ఆనుతోందనుకుందాం. ఒక పక్కన పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దుమ్ము రేణువు ఇరుక్కుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అందులో ఏడో వంతన్నమాట. 0.01ని 25తో భాగిస్తే 0.4 మిల్లీరేడియన్. వెయ్యి మీటర్ల దగ్గర నలభై సెంటీమీటర్లు! రేణువు బదులు వెంట్రుకే ఇరుక్కుంటే 2.8 మీటర్లు. దగ్గరి దూరాలకైనా ఇది చిన్న విషయం కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ చూడండి. లక్ష్యం నడుమ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు గనక, పెల్లెట్ కేంద్రం నడిబిందువుకు 2.5 మిల్లీమీటర్ల లోపల పడాలి. మన రేణువు అక్కడ తప్పించేది 4 మిల్లీమీటర్లు. పది కాస్తా తొమ్మిదైపోతుంది.

ఈ సందర్భంలో దసరా మాట. ఆయుధపూజకు యంత్రాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టడం మనకు అలవాటు. పెట్టుకోండి, కానీ ఒకదానికొకటి ఆనే నున్నటి ముఖాల మీద మాత్రం వద్దు. లేత్‌లో పనిముక్కను పట్టుకునే చక్ దవడలకు బొట్టు పెట్టి, మర్నాడు పని వంకర వస్తోందని దిష్టి తీయించేవాళ్ళున్నారు. దిష్టి తగిలింది ఆ కుంకుమ వల్లే.

ఇక అసలు సంగతి. విప్పిన వస్తువు మళ్ళీ అదే చోటికి ఎలా వస్తుంది? దీనికి జవాబు మన పెరట్లోని మూడు రాళ్ళ పొయ్యిలో ఉంది.

నాలుగు కాళ్ళ మంచం మట్టి నేల మీద లొటలొటలాడుతుంది, కోడుకింద పెంకు పెట్టాలి. ముక్కాలి పీట ఎక్కడేసినా ఊగదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. నాలుగోది వచ్చిందంటే వాటితో పేచీ మొదలు. పొయ్యి మీది కుండ సంగతి ఇంకా చక్కగా ఉంటుంది. గుండ్రటి అడుగు మూడు రాళ్ళకు మూడు చోట్ల ఆనుతుంది. దించి మళ్ళీ పెట్టినా పాత చోటికే జారుతుంది, పెట్టేవాళ్ళ చేతివాటంతో పనిలేదు. పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ, ముందుకీ వెనక్కీ కదలదు. కానీ తిప్పితే తిరుగుతుంది, ఒరిగిస్తే ఒరుగుతుంది. ఏ వస్తువుకైనా ఆరు రకాల కదలికలుంటాయి, మూడు జరగడాలు, మూడు తిరగడాలు. మూడు రాళ్ళు మూడింటినే ఆపాయి. మిగిలిన మూడూ ఆపాలంటే ఇంకో మూడు ఆనింపులు కావాలి. కుండ అడుగున మూడు గోళీలు అతికించి, ఒక్కో రాయిలో వి ఆకారపు గాడి చెక్కితే సరి. గోళీకి రెండు ఆనింపుల చొప్పున మొత్తం ఆరు. ఆరు కదలికలకు ఆరు ఆనింపులు, ఏడోది ఉండకూడదు. ఏడోది వచ్చిందంటే మంచం నాలుగో కోడే. పందొమ్మిదో శతాబ్దంలో మాక్స్‌వెల్, కెల్విన్ శాస్త్ర పరికరాల కోసం ఈ సూత్రాన్ని నిలబెట్టారు. ఈ రకం కీళ్ళు శుభ్రంగా ఉంటే తీసి పెట్టిన ప్రతిసారీ మైక్రాన్ తేడాతో పాత చోటికి వస్తాయి.

మరి రైఫిల్‌కు మూడు గోళీలు పెట్టేస్తే పోలా? పోదు. గోళీ గాడిని తాకేది చుక్కంత మేర. పేలుడు దెబ్బలు ఆ చుక్క మీద పడితే ఉక్కుకైనా సొట్ట పడుతుంది, పది పేలుళ్ళకు గాడి రూపం మారుతుంది. అందుకని చుక్కల బదులు గీతలు. ఇక్కడ పొయ్యి వదిలి రోకలి పట్టుకుందాం.

రోకలిని గోడా నేలా కలిసే మూలలో పడుకోబెట్టండి. పొడవునా రెండు గీతల మీద ఆనుతుంది, ఒకటి గోడ మీద, ఒకటి నేల మీద. ఒక్కో గీత రెండు కదలికలను ఆపుతుంది, మొత్తం నాలుగు. రోకలి ఇక రెండే చేయగలదు, పొడవునా జారడం, తన చుట్టూ తాను దొర్లడం. జారకుండా ఒక అడ్డు, దొర్లకుండా ఒక చెక్క పెడితే ఆరూ అయిపోయాయి. బ్యారెల్ అంటే ఇనుప రోకలే. రిసీవర్‌లో వి గాడి, పైనుంచి అదిమే బిగింపు, బ్యారెల్ వెనక అంచు ఆనే మెట్టు, దొర్లకుండా ఒక పిన్ను. మంచి టేక్‌డౌన్ కీలు చేసే పని ఇంతే.

దీన్ని గుండ్రటి రంధ్రంతో పోల్చితే తేడా తెలుస్తుంది. బ్యారెల్ చేత్తో దూరాలంటే రంధ్రం దానికన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. ఆ ఖాళీ 20 మైక్రాన్లు, పట్టు పొడవు 50 మిల్లీమీటర్లు అనుకుంటే బ్యారెల్ 0.4 మిల్లీరేడియన్ మేర ఎటైనా వాలొచ్చు. మళ్ళీ అదే నలభై సెంటీమీటర్లు. ఏ గోడకు ఆనాలో రంధ్రం చెప్పదు, వి గాడి చెబుతుంది. పట్టు పొడవు రెట్టింపు చేస్తే వాలు సగమవుతుంది, కానీ తుపాకీ పొడుగూ బరువూ పెరుగుతాయి. చిన్న సంచిలో పట్టాలన్న కోరికకూ గురికీ అసలు తగవు ఇక్కడే.

పాతకాలపు వించెస్టర్ లీవర్ రైఫిళ్ళలో వాడింది తెగిన మరచుట్టు. మరను ముక్కలుగా చెక్కేస్తారు. బ్యారెల్ దూర్చి పావు చుట్టు తిప్పితే పట్టుకుంటుంది. భలే తేలిక. అయితే తిప్పిన ప్రతిసారీ రెండు ముఖాలూ రాసుకుంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఆనే అంచు అరుగుతుంది, మన మెకానిక్కులు 'ప్లే వచ్చింది' అనే స్థితి వస్తుంది. 2012లో వచ్చిన రూగర్ 10/22 టేక్‌డౌన్‌లోనూ తిప్పి పట్టించే పద్ధతే, కాకపోతే వదులును సరిచేయడానికి ఒక రింగు పెట్టారు.

బలం సంగతి. .308 వించెస్టర్ తూటా పేలినప్పుడు అది కూర్చునే గదిలో (బ్యారెల్ వెనక కొసన) ఒత్తిడి 400 మెగాపాస్కల్ దాకా పోతుంది. కాట్రిడ్జి (తూటా, మందు కలిపి ఉండే గొట్టం) అడుగు మీద పడే తోపు మూడు టన్నులకు పైమాటే. ఆ బలం టేక్‌డౌన్ కీలు గుండా పోతే అది పేలిన ప్రతిసారీ సాగి ముడుచుకుంటుంది. తెలివైన రూపకర్త బోల్టును (కాట్రిడ్జిని వెనకనుంచి మూసి పట్టే ముక్కను) రిసీవర్‌కు కాక నేరుగా బ్యారెల్ వెనక భాగానికే లంకె వేస్తాడు. మూడు టన్నులూ బోల్టుకూ బ్యారెల్‌కూ మధ్యే తిరిగి అక్కడే చల్లారతాయి. కీలుకు మిగిలేది వెనక్కి తన్నే దెబ్బా, వరస తప్పకుండా పట్టుకునే పనీ. జర్మనీ బ్లేజర్ కంపెనీ ఆర్8 ఇలాంటిదే. అందులో బోల్టు తల పువ్వు రేకుల్లా విచ్చుకుని బ్యారెల్ లోపలి గాడిని పట్టుకుంటుంది. అదే రైఫిల్లో ఇంకో ఎత్తుగడ కూడా ఉంది. స్కోపు రిసీవర్ మీద కాదు, బ్యారెల్ మీదే కూర్చుంటుంది. కీలులో రేణువు పడి బ్యారెల్ వాలినా స్కోపూ దాంతోపాటే వాలుతుంది. చూపూ గొట్టమూ ఒకదానికొకటి అలాగే ఉంటాయి. మన నలభై సెంటీమీటర్లు ఒక్క దెబ్బతో మాయం. అలాగని కీలు పోయిందనుకునేరు, చోటు మార్చుకుందంతే. స్కోపు తీసి పెడితే ఇదే రామాయణం స్కోపు మౌంటు దగ్గర మళ్ళీ మొదలు.

బిగించడంలో జరిగే పొరపాట్లే ఎక్కువ. ఆరు మిల్లీమీటర్ల స్క్రూను తొమ్మిది న్యూటన్ మీటర్లకు బిగిస్తే, పొడిగా ఉన్నప్పుడు అది నొక్కే బలం దాదాపు 750 కిలోలు. అదే స్క్రూకు నూనె తగిలితే, అదే తొమ్మిదికి, వెయ్యి కిలోలు దాటుతుంది. ఎందుకంటే మనం తిప్పిన బలంలో సుమారు తొంభై శాతాన్ని రాపిడే తినేస్తుంది, సగం స్క్రూ తల కింద, మిగతాది మరల్లో. బిగింపుకు దక్కేది పదో వంతు. రాపిడి కాస్త తగ్గితే ఆ పదో వంతు ఎంతో పెరుగుతుంది. అందుకే టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని కొలిచే పానా) ఒక్కటీ ఉంటే చాలదు. మరలు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, పొడైతే ఎప్పుడూ పొడి, నూనైతే ఎప్పుడూ అదే నూనె, అంతే పలచగా. ఆనే ముఖాలను నూలు రాలని గుడ్డతో తుడవాలి. గ్రీజు దట్టంగా పూస్తే బ్యారెల్ మెట్టుకు ఆనకుండా గ్రీజు మీద తేలుతుంది, తర్వాతి పేలుళ్ళలో మెల్లగా లోపలికి దిగుతుంది, గురి తూటా తూటాకూ జరుగుతుంది. బ్యారెల్‌ను వెనక్కి మెట్టుకు ఆనేదాకా నొక్కి పట్టుకుని బిగించాలి. స్క్రూలన్నీ ముందు సగం బలానికి, తర్వాత పూర్తిగా, ప్రతిసారీ ఒకే వరసలో. మొదటి స్క్రూనే పూర్తిగా బిగించేస్తే బ్యారెల్ అటువైపు ఒరిగి ఇరుక్కుంటుంది, తర్వాతివి ఎంత బిగించినా లేవదు. ఫ్యాను ఊగడానికి కారణాల్లో ఇదీ ఒకటి.

వేడి సంగతి తొందరగా చెప్పేస్తాను. అల్యూమినియం రిసీవర్ ఉక్కు బ్యారెల్ కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 30 మిల్లీమీటర్ల వ్యాసానికి, 40 డిగ్రీల వేడికి, తేడా 13 మైక్రాన్లు. రంధ్రమైతే పట్టు ఆ మేరకు వదులవుతుంది, ఎటు వాలుతుందో తెలియదు. వి గాడిలోనైతే బ్యారెల్ నడిగీత గాడి మధ్య తలంలోనే, పొడవునా సమంగా జరుగుతుంది గనక వాలు రాదు. రోకలి గొప్పతనం ఇదే.

పొట్టి బ్యారెల్ అంటే గురి తక్కువని ఒక మూఢనమ్మకం ఉంది. నిజానికి ఒక కొస పట్టిన కడ్డీ బిగువు దాని పొడవు ఘనానికి విలోమంగా, మందం నాలుగో ఘాతానికి అనులోమంగా మారుతుంది. 26 అంగుళాలను 20కి తగ్గిస్తే బిగువు రెండు రెట్లు దాటుతుంది. పోయేది వేగం, .308లో ఆ ఆరంగుళాలకు సెకనుకు సుమారు 40 మీటర్లు. పొడవాటి బ్యారెల్ కావాలి, తుపాకీ మాత్రం పొట్టిగా ఉండాలి అంటే బుల్‌పప్ పద్ధతి ఉంది. యంత్రాంగమంతా ట్రిగ్గర్ వెనక్కి, భుజానికి ఆనే చోటికి పోతుంది. అమెరికాలో డెజర్ట్ టెక్ వాళ్ళ ఎస్ఆర్ఎస్ అలాంటిదే, 26 అంగుళాల బ్యారెల్ పెట్టినా మొత్తం పొడవు ముప్ఫై ఎనిమిదంగుళాల లోపే. అందుకు కట్టే మూల్యం ట్రిగ్గర్ నుంచి వెనక్కి పోయే పొడవాటి కడ్డీ. వేలికి తెలిసే స్పర్శ కాస్త మొద్దుబారుతుంది.

కీలు బాగుందో లేదో ఎలా తేల్చాలి? మూడు తూటాలు కాల్చి, విప్పి బిగించి, మరో మూడు కాల్చి 'చూశారా, కదల్లేదు' అనేవాళ్ళ మాట నమ్మొద్దు. వంద మీటర్లకు ఐదు తూటాల గుంపు మూడు సెంటీమీటర్లుంటే ఒక్కో దిశలో చెదురు సుమారు ఒక సెంటీమీటరు. ఐదింటి సగటు బిందువులో అనిశ్చితి దాన్ని రూట్ ఐదుతో భాగించినంత, అంటే 4.5 మిల్లీమీటర్లు. రెండు గుంపుల మధ్య తేడాలో ఆరు మిల్లీమీటర్లకు పైనే. అంటే విప్పి బిగించాక గుంపు ఆరు మిల్లీమీటర్లు జరిగినట్టు కనిపిస్తే అది కీలు తప్పో, ఉత్త కాకతాళీయమో చెప్పలేం. ఐదు కాల్చు, విప్పు, బిగించు, ఐదు కాల్చు. ఇలా నాలుగైదు సార్లు చేసి గుంపుల కేంద్రాలను ఒకే కాగితం మీద గుర్తుపెట్టాలి. కేంద్రాలన్నీ పాత చోటు నుంచి ఒకే వైపు, ఒకే మేర జరిగి ఉంటే బెంగ లేదు, స్కోపులో 0.1 మిల్లీరేడియన్ క్లిక్కులు నాలుగు తిప్పితే సరిపోతుంది. తలా ఒక దిక్కుకు పోతుంటే ఎన్ని క్లిక్కులు తిప్పినా వృథా.

అప్పుడు పట్టాల్సింది ఫిట్టర్లు వాడే నీలి రంగును. వి గాడి మీద పలచగా రాసి, బ్యారెల్ పెట్టి, మామూలుగా బిగించి, విప్పి చూడాలి. బ్యారెల్ మీద రెండు నీలి గీతలు కొసనుంచి కొసదాకా తెగకుండా పడితే కీలు మంచిదే, తప్పు ఇంకెక్కడో వెతకాలి. ఒక కొసన మాత్రమే నీలం అంటి రెండో కొస తెల్లగా మిగిలిందా, రోకలి ఒక పక్కనే ఆనుతోందన్నమాట.