ఆకు మచ్చ ముందు, మూర్ఛ తర్వాత

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పసిబిడ్డకు నీళ్లు పోసేది చాలా ఇళ్లలో అమ్మమ్మో నానమ్మో. కాళ్లు చాపుకొని, బిడ్డను బోర్లా పడుకోబెట్టుకొని, నూనె రాసి నలుగు పెడుతుంది. వీపు మీదో తొడ మీదో ఆకు ఆకారంలో లేత తెల్లమచ్చ ఉంటే మొదట ఆమె కంటికే కనిపిస్తుంది. పుట్టుమచ్చలే అని ఊరుకుంటారు. లేదా బొల్లి అనో కుష్ఠు అనో భయపడి ఎవరికీ చెప్పరు. నాలుగైదు నెలలకు బిడ్డ నిద్ర లేవగానే తల వంచి, చేతులు చాచి, వరుసగా ఉలికిపడుతుంటే ఆ మచ్చ ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ ఉలికిపాట్లు మూర్ఛలో ఒక రకం. మచ్చకూ మూర్ఛకూ మూలం ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే ఒకే జబ్బు కావచ్చు. ఈ రెంటికీ ఉన్న ముడి వైద్యులకు తెలియడానికే చాలా కాలం పట్టింది. 1880లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో బూర్నెవిల్ అనే వైద్యుడు, మూర్ఛలతో బాధపడి చనిపోయిన 15 ఏళ్ల అమ్మాయి మెదడును పరీక్షించాడు. మెదడు మడతలు అక్కడక్కడా దుంపల్లా గట్టిపడి ఉన్నాయి. జబ్బుకు ఆ పేరు అలా వచ్చింది. 1908లో జర్మన్ వైద్యుడు ఫోగ్ట్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు: మూర్ఛ, బుద్ధిమాంద్యం, ముఖంపై మొటిమల్లాంటి బొడిపెలు. నా దృష్టిలో ఈ జబ్బు చరిత్రలో ఎక్కువ నష్టం చేసింది ఈ మూడు గుర్తుల సూత్రమే. బొడిపెలు సాధారణంగా బిడ్డ పుట్టిన కొన్నేళ్లకు గానీ రావు. చురుకుగా చదువుకునే పిల్లలకూ ఈ జబ్బు ఉండవచ్చు. 1979లో అమెరికాలో మాన్యుయెల్ గోమెజ్ అనే వైద్యుడు లెక్క తీస్తే, మూడు గుర్తులూ ఉన్నవారు మూడో వంతు కూడా లేరు. అన్నిటికంటే ముందు కంటికి కనిపించేది ఆకు మచ్చేనని చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ బృందం రాసింది 1968లో, అంటే బూర్నెవిల్ తర్వాత 88 ఏళ్లకు. తెల్లని ఒంటి మీద ఆ మచ్చను చూడటానికి ప్రత్యేక దీపం కావలసి వస్తుంది. మన పిల్లల చామనఛాయ ఒంటి మీద అది పగటి వెలుగులోనే తెలుస్తుంది.

కారణం జన్యువుల్లో ఉంది. 1993లో టీఎస్‌సీ2, 1997లో టీఎస్‌సీ1 జన్యువులను గుర్తించారు. కణాల పెరుగుదలకు కళ్లెం వేసేవి ఇవే. వీటిలో ఒకటి చెడితే మెదడులో, చర్మంలో, గుండెలో, మూత్రపిండాల్లో గడ్డలు పెరుగుతాయి. సుమారు 6 వేల కాన్పులకు ఒక బిడ్డకు ఇది ఉంటుంది. వారిలో పదింట ఎనిమిది మందికి పైగా మూర్ఛ వస్తుంది, ఎక్కువ మందికి మొదటి ఏడాదిలోనే.

మన దగ్గర ఈ నింద మేనరికం మీద పడుతుంది, లేకుంటే గ్రహణం వేళ బయటికొచ్చిన తల్లి మీద. రెండూ తప్పు. మూడింట రెండు వంతుల పిల్లల్లో ఈ జన్యు మార్పు కొత్తగా పుట్టినదే. మిగిలినవారికి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, దానికి ఒక్కరిలో ఉన్నా చాలు. అందుకే బిడ్డతో పాటు అమ్మానాన్నల చర్మాన్నీ చూడాలి.

మూర్ఛ పట్ల భయం చట్టంలోనూ ఉండేది. 1955 నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ మూర్ఛ ఉన్నవారి పెళ్లికి అడ్డు చెప్పింది. ఆ మాటను తీసేసింది 1999లో. పల్లెల్లో ఆడపిల్లకు మూర్ఛ ఉందన్న సంగతిని దాచడం మాత్రం ఇంకా పోలేదు. దాచినకొద్దీ మందు ఆలస్యమవుతుంది.

పసిబిడ్డల ఈ ఉలికిపాట్లకు విగాబాట్రిన్ అనే మందు బాగా పనిచేస్తుంది. అయితే చూపు అంచులు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక కళ్లు పరీక్షిస్తూ వాడాలి. మూర్ఛ మొదలవకముందే ఇస్తే దాన్ని ఆలస్యం చేయవచ్చా అని పరిశోధనలు జరిగాయి. బుద్ధివికాసం విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. రెండేళ్లు, ఆపై వయసు వారిలో ఈ జబ్బు వల్ల వచ్చే మూర్ఛకు ఎవెరోలిమస్ అనే మందును అమెరికా 2018లో అనుమతించింది.

బిడ్డ ఉలికిపడేటప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, వాతలు పెట్టడం వల్ల మేలు లేదు. వాతలు బిడ్డకు గాయం కూడా చేస్తాయి. ఆ వరుసను ఫోనులో వీడియో తీసి, మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకొని, ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపించాలి. అక్కడ ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) లేదంటే హైదరాబాద్ ఆసుపత్రికి పంపమని అదే రోజు చీటీ రాయించుకోవాలి.