సాహిత్యంలో పీహెచ్‌డీ ఇక్కడా, విదేశంలోనా: అపోహలు - వాస్తవాలు

సాహిత్యంలో ఎం.ఏ. ముగించిన విద్యార్థులు పరిశోధన ఇక్కడే చేయాలా, విదేశానికి వెళ్లాలా అని అడిగినప్పుడు, నేను దేశం సంగతి పక్కన పెట్టి, దేని మీద పనిచేయదలిచారు, అన్నేళ్లూ ఖర్చు ఎవరు భరిస్తారు అని ముందుగా అడుగుతాను. పరిశోధకులకు మార్గదర్శకత్వం వహించే పనిలో నాకు తరచుగా వినబడే అపోహలు ఇవి.

అపోహ: విదేశీ పీహెచ్‌డీ అంటే లక్షల్లో అప్పు.

వాస్తవం: అప్పుల పాలు చేసేది ఎక్కువగా మాస్టర్స్ డిగ్రీయే. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు, తులనాత్మక సాహిత్య విభాగాలు పీహెచ్‌డీకి చేర్చుకున్న విద్యార్థికి సాధారణంగా ఐదేళ్ల పాటు ఫీజు మాఫీ చేసి, జీవనభృతి ఇచ్చి, బదులుగా కొన్ని సెమిస్టర్లు డిగ్రీ తరగతులకు పాఠాలు చెప్పించుకుంటాయి. బ్రిటన్ పద్ధతి వేరు. అక్కడ కోర్సువర్కు నామమాత్రం, మూడు నాలుగేళ్లలో సిద్ధాంత గ్రంథం పూర్తి కావాలి; పైగా సీటు రావడం ఒక ఎత్తు, నిధులు రావడం మరో ఎత్తు. సీటు ఇస్తూ భృతి ఊసెత్తని ఉత్తరాన్ని నేను మర్యాదగా చెప్పిన తిరస్కారంగానే లెక్కిస్తాను. సాహిత్య పరిశోధన కోసం ఇల్లు తాకట్టు పెట్టమని ఏ తల్లిదండ్రులకూ చెప్పలేను.

ఇక్కడే మరో మెలిక ఉంది. ఎస్సీ విద్యార్థులకు, మరికొన్ని వర్గాల వారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలను 2022లో సవరించినప్పుడు, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశానికి సంబంధించిన సామాజిక అధ్యయనం వంటి అంశాలను పథకం నుంచి మినహాయించారు. తెలుగు దళిత కవిత్వం మీద లండన్‌లో పరిశోధన చేయదలిచిన విద్యార్థి ప్రతిపాదన రాయడానికి ముందే ఆ ఏటి మార్గదర్శకాలను చదవడం అవసరం.

అపోహ: ఇక్కడ పరిశోధకుడికి పైసా రాదు.

వాస్తవం: అది జేఆర్‌ఎఫ్ (నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో పై వరుసలో నిలిచిన వారికి దక్కే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉందా లేదా అన్న దానిపై ఆధారపడుతుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తరువాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. అది లేని వారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ ఫెలోషిప్ కింద దక్కేది నెలకు రూ.8,000, హాస్టల్ గది దొరకకపోతే హైదరాబాద్‌లో ఆ డబ్బు అద్దెకే సరిపోదు.

అపోహ: తెలుగు సాహిత్యం చదవడానికి అమెరికా ఎందుకు?

వాస్తవం: ఈ ఎగతాళిలో సగమే నిజం. వెల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్‌లో దశాబ్దాల పాటు బోధించి, తెలుగు కావ్యాలను ప్రపంచ పాఠకుల ముందుకు తెచ్చారు. తెలుగును సంస్కృతం, తమిళం, పర్షియన్‌ల పక్కన పెట్టి చదివే శిక్షణ అక్కడి దక్షిణాసియా అధ్యయన విభాగాల బలం. మన వాళ్లు ఆ విభాగాలను చూడకుండా ఇంగ్లీషు విభాగాలకు దరఖాస్తు చేసి, మార్గదర్శి దొరక్క నిరాశపడుతుంటారు.

ఆకరాలు మాత్రం ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. తాళపత్రాలు కావాలంటే చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో, తంజావూరు సరస్వతీ మహల్‌కో వెళ్లాలి. పాత పత్రికల సంచికలు కావాలంటే 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనంలోనో, 1901లో హైదరాబాద్‌లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలోనో కూర్చోవాలి. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల పత్రికలే మీ పరిశోధనాంశమైతే, ఎక్కడ చేరినా వేసవి సెలవులు వేటపాలెంలోనే గడుస్తాయి. తులనాత్మక సాహిత్యం కావాలనుకునే వారు సముద్రం దాటే ముందు, 1956లోనే ఆ విభాగాన్ని ప్రారంభించిన జాదవ్‌పూర్‌నూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని కేంద్రాన్నీ పరిశీలించాలి.

అపోహ: మార్కులు, జీఆర్‌ఈ (అమెరికాలో పై చదువుల ప్రవేశానికి రాసే పరీక్ష) స్కోరు ఉంటే సీటు ఖాయం.

వాస్తవం: ఇంగ్లీషు సాహిత్యంలో జీఆర్‌ఈ సబ్జెక్టు పరీక్షను 2021 తరువాత నిర్వహించడం లేదు, సాధారణ జీఆర్‌ఈని కూడా అనేక విభాగాలు అడగడం మానుకున్నాయి. తేల్చేవి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (దేని మీద, ఎందుకు పరిశోధన చేయదలిచారో చెప్పే వ్యాసం), ఇరవై పేజీల లోపు రైటింగ్ శాంపిల్ (మీ విమర్శ రచనకు నమూనా). నా దగ్గరికి వచ్చే స్టేట్‌మెంట్లలో చాలా భాగం “చిన్నప్పటి నుంచి నాకు సాహిత్యమంటే ప్రాణం” అన్న వాక్యంతో మొదలవుతాయి, ముందుగా కొట్టివేయించేది దానినే. శాంపిల్‌గా చాలామంది ఎం.ఏ. డిసర్టేషన్ మొదటి అధ్యాయాన్ని పంపుతారు, అందులో ఉండేవి నిర్వచనాలు, వర్గీకరణ, కవి పరిచయం. ఒక్క కథనో, ఒక్క పద్యాన్నో తీసుకుని, ఇతరులు చేసిన వ్యాఖ్యానం ఎక్కడ సరిపోవడం లేదో చూపే వ్యాసం అంతకంటే ఎంతో మేలు.

అపోహ: విదేశీ డాక్టరేట్ ఉంటే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుంది.

వాస్తవం: అమెరికాలో సాహిత్య బోధనలో శాశ్వత ఉద్యోగాలు 2008 ఆర్థిక మాంద్యం తరువాత బాగా తగ్గాయి, 2025లో చికాగో విశ్వవిద్యాలయం అనేక మానవీయ శాస్త్ర విభాగాల్లో మరుసటి ఏటి పీహెచ్‌డీ ప్రవేశాలనే నిలిపివేసింది. ఇక్కడికి తిరిగి వస్తే, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం, నిర్దేశిత ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి 500లో ఉన్న సంస్థ నుంచి పీహెచ్‌డీ పొందిన వారు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హులే, కానీ అర్హత వేరు, ఖాళీ భర్తీ కావడం వేరు.

అందువల్ల విదేశానికి దరఖాస్తు చేసే వారు కూడా నెట్ రాయడం మానవద్దు. జనరల్ అభ్యర్థులకు జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు, రిజర్వుడు వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఉంది. అదే పరీక్షతో వచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు. అమెరికా దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరులో, జనవరి మొదట్లో ముగుస్తుంది. భృతితో కూడిన సీటు వచ్చిన వారు సాధారణంగా ఏప్రిల్ 15లోగా అంగీకారం తెలపాలి.