పాలు ముందు, బియ్యం తర్వాత

"మా నాన్నగారికి కామెర్లు. ఎస్‌జీపీటీ నాలుగు రోజుల్లో 1,800 నుంచి 460కి దిగింది. అయినా డాక్టరు గారు ఇంటికి పంపనంటున్నారు. ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఎస్‌జీపీటీ కనిపించే రిపోర్టుకు పెట్టిన 'లివర్ ఫంక్షన్ టెస్టు' అన్న పేరులోనే పొరపాటుంది. ఎస్‌జీపీటీ కాలేయం పనితీరును చెప్పదు. అది కాలేయ కణాల లోపల ఉండవలసిన ఎంజైము. కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. అలా కారినది సుమారు 47 గంటలకు సగమవుతుంది. లెక్క వేయండి: 1,800 రెండు రోజులకు 900, నాలుగు రోజులకు 450. అంటే కారడం దాదాపు ఆగిపోయింది. కణాలు కోలుకుని ఆగిందా, కారడానికి కణాలే మిగలక ఆగిందా? ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేం.

కాలేయం పని తెలియాలంటే అది తయారుచేసే సరుకు చూడాలి. వీధి చివరి కొట్టు మూతపడిందనుకోండి. ఇంట్లో బియ్యం బస్తా ఉంది, అన్నానికి లోటు రాదు. పాలు మాత్రం సాయంత్రానికే అయిపోతాయి. కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీను బియ్యం లాంటిది. రక్తంలో సగం తరగడానికి దాదాపు 20 రోజులు పడుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్-7 పాల లాంటిది. 4 నుంచి 6 గంటల్లో సగమవుతుంది. అందుకే నిన్న కాలేయం కుప్పకూలినా ఇవాళ ఆల్బుమిన్ మామూలుగానే ఉండవచ్చు, ప్రోత్రాంబిన్ టైము, అంటే పరీక్షలో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం మాత్రం పెరిగిపోతుంది. రిపోర్టులో ఐఎన్‌ఆర్ అనే అంకె దాని నుంచి వచ్చినదే. ఆరోగ్యవంతుల్లో 1 దగ్గర ఉంటుంది. కామెర్లతో అది 1.5కి చేరి, మనిషికి మగత, మాటలో తడబాటు వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తెచ్చే పిత్తవాహిక మూసుకుపోయినా ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. ఫ్యాక్టర్-7 తయారీకి విటమిన్ కె కావాలి. అది ఒంటికి పట్టాలంటే పేగులో పైత్యరసం ఉండాలి. కొట్టు తెరిచే ఉంది, పాల బండే రాలేదన్నమాట. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక ఐఎన్‌ఆర్ దిగితే కాలేయానికి పనిచేసే సత్తువ ఉన్నట్టే. దిగకపోతే లోపం కాలేయంలోనే ఉందని అనుమానించాలి.

పసరు వైద్యం గురించి చెప్పకుండా ఉండలేను. హెపటైటిస్-ఎ వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. తగ్గనివారికి అలా పోయిన వారం రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. పైగా కామెర్లలో కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్‌లో కొంత ఆల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుని, దానితో పాటే, ఆ 20 రోజుల లెక్కనే పోతుంది. కాలేయం కోలుకున్నాక కూడా కొన్నాళ్లు కళ్లు పచ్చగా ఉండేది అందుకే. ఆ పచ్చదనం చూసి రెండోసారి పసరు వేయించుకునేవారున్నారు.

ఆ పాఠకురాలికి నేను రాసిన జవాబు ఇది: ఐఎన్‌ఆర్ నిన్న ఎంత, ఇవాళ ఎంత అని డాక్టరు గారిని అడగండి.