కణంలో ఏది ఎక్కడుండాలో ఎవరు నిర్ణయిస్తారు?

కేంద్రకం కణం నడుమనే ఎందుకుంటుంది, గాల్జీ సంక్లిష్టం దాని పక్కకే ఎందుకు చేరుతుంది, వాటిని అక్కడ నిలిపి ఉంచేది ఏమిటి అని తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. పాఠ్యపుస్తకంలోని బొమ్మలో కణభాగాలన్నీ పేర్లు తగిలించుకుని కణద్రవ్యంలో ఊరికే తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఆ పేర్లు రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి కనుక, వాటిని కదిలిస్తే తిరిగి తమ చోటికి వస్తాయా అని ఆలోచించే తీరిక తరగతి గదిలో ఎవరికీ చిక్కదు.

కదిలించి చూసినవారు ఉన్నారు. ప్రయోగశాలలో పెంచిన జంతుకణాలకు నొకొడజోల్ అనే రసాయనాన్ని తగిలిస్తే, కేంద్రకం పక్కన దొంతరగా ఉండే గాల్జీ ముక్కలై కణమంతటా చెదిరిపోతుంది. అంచుల దాకా పరచుకుని ఉన్న అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల వల కేంద్రకం వైపు ముడుచుకుపోతుంది. రసాయనాన్ని కడిగేస్తే రెండూ మళ్ళీ యథాస్థానానికి చేరతాయి. నొకొడజోల్ దెబ్బ తీసేది గాల్జీని కాదు, కణానికి లోపలి నుంచి ఆకారాన్నిచ్చే కణాస్థిపంజరంలో భాగమైన సూక్ష్మనాళికలు అనే సన్నని గొట్టాలను. ఆ పంజరంలో ఆక్టిన్ తంతువులు, మధ్యస్థ తంతువులు కూడా ఉన్నాయి గానీ, లోపలి సర్దుబాటు విషయంలో నన్ను కట్టిపడేసేవి సూక్ష్మనాళికలే కనుక మిగతావాటి జోలికి పోవడం లేదు.

సూక్ష్మనాళికకు ముడిసరుకు ట్యూబులిన్ అనే ప్రోటీను. ఆల్ఫా, బీటా అనే రెండు రకాల ట్యూబులిన్ అణువులు కలిసి 8 నానోమీటర్ల పొడవైన జంటగా ఏర్పడతాయి. ఆ జంటలు ఒకదాని వెనుక ఒకటి చేరి పోగులవుతాయి. సాధారణంగా 13 పోగులు గుండ్రంగా అతుక్కుని 25 నానోమీటర్ల వ్యాసం గల గొట్టమవుతుంది. మైక్రోమీటరు పొడవుకు సుమారు 1,600 జంటలు పడతాయి. చాలా జంతుకణాలలో దాని మైనస్ కొస (నిదానంగా పెరిగేది) కేంద్రకం పక్కనుండే, నాళికలు పుట్టే చోటైన సెంట్రోసోమ్ దగ్గర నాటుకుని, ప్లస్ కొస (వేగంగా పెరిగేది) కణం అంచు వైపు సాగుతుంది.

1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ గమనించిన విడ్డూరం ఏమిటంటే, ఒకే ద్రావణంలో కొన్ని నాళికలు నిదానంగా పెరుగుతూ ఉండగా, వాటి పక్కనే మరికొన్ని వేగంగా కూలిపోతూ ఉంటాయి. గొట్టంలో చేరే సమయంలో బీటా ట్యూబులిన్ దగ్గర జీటీపీ అనే శక్తినిచ్చే అణువు ఉంటుంది. చేరిన కొద్ది సేపటికే అది జీడీపీగా మారుతుంది. జీడీపీ ఉన్న జంటలు నిటారుగా ఉండలేక బయటికి వంగిపోవాలని చూస్తాయి, కానీ కొస దగ్గర జీటీపీ ఇంకా మిగిలిన జంటల పొర ఉన్నంత సేపు పోగులు విడిపోవు. కొత్త జంటలు వచ్చి చేరడం ఆలస్యమై ఆ పొర కరిగిపోతే, నాళిక కొస నుంచి విచ్చుకుంటూ కూలిపోతుంది.

ఇంత శక్తి ఖర్చు పెట్టి కట్టినదాన్ని కణం ఎందుకు కూల్చుకుంటుంది? చేప ఎక్కడుందో తెలియని చెరువులో గాలం వేసే మనిషిని ఊహించుకోండి. ఒక వైపు విసిరిన గాలానికి ఏదీ తగలకపోతే అక్కడే పట్టుకుని కూర్చోవడం దండుగ. లాగేసి మరో వైపు విసరాలి. సెంట్రోసోమ్ ఇలాంటి గాలాలను ఒకేసారి అన్ని దిక్కులకూ వేస్తుంది. కూలిన నాళికలోని ట్యూబులిన్ పాడుకాదు, తిరిగి జీటీపీని తీసుకుని మరో నాళికకు పనికొస్తుంది. విభజనకు సిద్ధమైన మానవ కణంలో 46 క్రోమోజోములు రెట్టింపై, ఒక్కోటి రెండేసి క్రోమాటిడ్లు అనే నకళ్ళుగా ఉంటాయి కనుక 92 కైనెటోకోర్లకు, అంటే క్రోమాటిడ్లపై నాళికలు తగులుకునే చోట్లకు, గాలం తగలాలి. ఆ సమయంలో కణం గాలాలను మరింత చురుకుగా వేస్తుంది. చాలా నాళికల ఆయుష్షు నిమిషం కూడా ఉండదు. కైనెటోకోర్‌కు తగిలిన నాళిక మాత్రం నిలదొక్కుకుంటుంది.

గాలానికి ఏదో తగిలితే చాలదు, బిగువు తెలియాలి. జంట క్రోమాటిడ్లు రెండూ పొరపాటున విభజించే కణంలోని రెండు ధ్రువాలలో (ఎదురెదురు కొసలలో) ఒకే ధ్రువం వైపు తగులుకుంటే వాటి నడుమ లాగుడు ఉండదు. లాగుడు లేని ముడిని అరోరా బి అనే ఎంజైము విప్పేస్తుంది, వెతుకులాట మళ్ళీ మొదలవుతుంది. క్రోమోజోముల చిరునామాలు ముందుగా రాసి పెట్టుకున్న పట్టిక ఎక్కడా లేదు. గాలం పోలిక ఒక్క చోట మాత్రం నిలవదు: ఇక్కడ గట్టున కూర్చుని చూసేవాడు ఎవరూ లేడు.

రవాణా పని కైనెసిన్, డైనీన్ అనే మోటారు ప్రోటీన్లది. కైనెసిన్ శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి 8 నానోమీటర్ల చొప్పున, అంటే సరిగ్గా ఒక ట్యూబులిన్ జంట దూరం చొప్పున, ప్లస్ కొస వైపు నడుస్తుంది. డైనీన్ మైనస్ కొస వైపు నడుస్తుంది. గాల్జీని కేంద్రకం పక్కకు ఈడ్చి ఉంచేది డైనీనే. చేపల చర్మంలోని వర్ణకకణం నుంచి ఒక పాయను కోసి వేరు చేస్తే, అందులో కేంద్రకం, సెంట్రోసోమ్ లేకపోయినా, రంగు రేణువులు ఆ ముక్క నడుమకే చేరతాయని, సూక్ష్మనాళికలు ఆ నడిమిచోటు చుట్టూ కొత్తగా అమరుతాయని రోడియోనోవ్, బోరిసీ 1997లో చూపించారు. మధ్య ఎక్కడుందో ఆ ముక్కకు ఎవరూ చెప్పలేదు.

మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరుకు ఈ కథలో పెద్ద పాత్రే ఉంది. ఆ ఆకులు నమిలితే మధుమేహం తగ్గుతుందన్న నమ్మకం చాలా చోట్ల ఉంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకుల సారాన్ని పరీక్షిస్తే చక్కెర తగ్గలేదు, ఎలుకలలో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారిలో దొరికిన క్యాన్సర్ మందే విన్‌బ్లాస్టిన్. ఆ మొక్క నుంచే తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. రెండూ ట్యూబులిన్‌ను పట్టుకుని నాళికల నిర్మాణాన్ని అడ్డుకుంటాయి. మోతాదు లెక్క లేకుండా ఆ ఆకులు నమలడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన మరో క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ దీనికి పూర్తిగా ఎదురు పని చేస్తుందని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం తేల్చింది: అది నాళికలను కూలనివ్వదు. కట్టనివ్వకపోయినా, కూలనివ్వకపోయినా క్యాన్సర్ కణం విభజన మధ్యలో చిక్కుకుంటుంది. వెన్నుపాము దగ్గర నుంచి కాలివేళ్ళ దాకా దాదాపు మీటరు పొడవు సాగే నాడీతంతువులలో విభజన ఉండదు గానీ, సరుకు రవాణా అంతా సూక్ష్మనాళికల మీదే జరగాలి. ఈ మందులు వాడే రోగులలో చాలామందికి తిమ్మిరి మొదట కాలివేళ్ళలో, చేతివేళ్ళ కొనల్లో మొదలవుతుంది; అన్నిటికంటే పొడవైన నాడీతంతువులు చేరేది అక్కడికే.