హక్కు దక్కాక లేచిన రాతి గోడలు

ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని ట్రౌట్‌బెక్ అనే ఊళ్లో టౌన్‌ఎండ్ అనే రాతి ఇల్లుంది. బ్రౌన్ అనే రైతు కుటుంబం 1626 ప్రాంతంలో కట్టుకుంది, 1943 దాకా అందులోనే ఉంది. 1948లో అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికొచ్చింది. దొరల బంగళా కాదు, సేద్యం చేసుకున్నవాళ్ల ఇల్లు. అది అన్ని తరాలు చేయి మారకపోవడానికి మూలం భూమి హక్కులో ఉంది.

స్కాట్లండ్ సరిహద్దుకు దగ్గరలోని ఈ ప్రాంతంలో రైతులు ప్రభువుల భూమిని ఆచార హక్కు మీద సాగుచేసేవాళ్లు. శిస్తు స్వల్పం, భూమి వారసుడికే దక్కుతుంది. బదులుగా స్కాట్‌లు దండెత్తితే ఆయుధం పట్టాలి. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్సే ఇంగ్లండ్‌కూ రాజయ్యాడు. ఇక కాపలా దేనికి, కాపలా లేనప్పుడు హక్కు దేనికి అన్నాడు. 1620లో ఆ హక్కు చెల్లదని ప్రకటించాడు. ఇక్కడి కెండల్ పట్టణం చుట్టుపక్కల రైతులు ఊరుకోలేదు. గొడవ లండన్‌లోని రాజుగారి ఉన్నత న్యాయస్థానం, స్టార్ చాంబర్ కోర్టుకెక్కింది. సరిహద్దు సేవతో నిమిత్తం లేకుండా వారసత్వ హక్కు చెల్లుతుందని 1625లో తీర్పు వచ్చింది.

తీర్పే టౌన్‌ఎండ్‌ను కట్టించిందంటే అతి అవుతుంది. కానీ ఆ తర్వాతి వందేళ్లలో ఈ ప్రాంతమంతా రాతి ఇళ్లు లేచాయి. చాలా గుమ్మాల మీద దంపతుల పేర్ల పొడి అక్షరాలు, కట్టిన సంవత్సరం చెక్కి ఉంటాయి. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని ఇంటికి ఎవరూ పేరు చెక్కించుకోరు కదా!

ఇళ్ల తీరు ఇంచుమించు ఒకటే. పొయ్యి ఉన్న పెద్ద గది ‘ఫైర్‌హౌస్’, ఇంటిల్లిపాదీ కూర్చునేది అక్కడే. బట్టలుతకడం, బీరు కాచడం లాంటి మోటు పనులకు పక్కన ‘డౌన్‌హౌస్’. ఓట్స్ పిండి రొట్టెలు ఎండుగా నిలవ ఉంచే చెక్కడాల ఓక్ బీరువా గోడలోనే కలిసిపోయి ఉంటుంది. పొగగొట్టాలు మాత్రం గుండ్రం. ఇక్కడి స్లేటు రాయి పలకలుగా చీలుతుంది గానీ మూలలు తీరడం కష్టం, అందుకే గుండ్రంగా పేర్చారంటారు.

రాళ్ల మధ్య సందుల్లోకి వాన దిగకుండా గోడలకు సున్నం పూసేవాళ్లు. చేరిన తడి సున్నంలోంచే ఆరిపోయేది. ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి పాత ఇళ్లు చాలావాటికి సిమెంటు పూశారు. తడి లోపలే ఉండిపోయి గోడలు చెమ్మగిల్లాయి. ఇప్పుడు రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇంటికి సిమెంటు పూయాలన్నా, కిటికీ మార్చాలన్నా స్థానిక అధికారుల అనుమతి తప్పదు. యజమానులకు విసుగే గానీ, సిమెంటు వద్దు, సున్నమే పూయాలనే అధికారుల మాటే సరైనది.